ఆమ్రపాలి కేసు: బిల్డరు డబ్బు దారి మళ్లిస్తే అప్పిచ్చిన బ్యాంకు బాధ్యత ఎంతవరకు?

బ్యాంకుల కోసం తనఖా పత్రాలు రాయడం, అప్పు ఇచ్చే ముందు ఆస్తి కాగితాలు చూసి లీగల్ ఒపీనియన్ ఇవ్వడం నా వృత్తి. అప్పు మొండిబకాయి అయ్యాక అదే ఫైలు మళ్లీ నా టేబుల్ మీదకు వస్తుంది. ఆ రెండోసారి బ్యాంకు అధికారుల నోట దాదాపు ఇదే మాట వింటాను. "డబ్బు మింగింది బిల్డరు. ఆ లెక్కన మేమూ మోసపోయినవాళ్లమే. మా తనఖా పక్కాగా ఉంది. ఫ్లాట్లు కొన్నవాళ్లు మమ్మల్నెందుకు కోర్టుకు లాగుతున్నారు?"

ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 2019 జులై 23న సూటిగా జవాబు చెప్పింది. బిక్రమ్ చటర్జీ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసు అది. ఆమ్రపాలి కేసు అంటే అందరికీ తెలుస్తుంది. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ యు.యు. లలిత్ ఇచ్చిన ఆ తీర్పును చాలామంది "కొనుగోలుదారులు గెలిచిన కేసు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అప్పిచ్చేవాళ్ల వైపు పనిచేసే నాకు అందులో ఇంకో సంగతి ముఖ్యంగా కనిపిస్తుంది. తనఖా పత్రం ఎంత గట్టిగా రాసుకున్నా, అప్పు విడుదలయ్యాక తన దగ్గరే ఉన్న లెక్కలను బ్యాంకు చూడకపోతే ఆ పత్రం నిలబడదు.

ఏం జరిగింది

నోయిడా, గ్రేటర్ నోయిడాలలో భూమి అక్కడి అభివృద్ధి అథారిటీలది. బిల్డర్లకు దాన్ని అమ్మరు, లీజుకిస్తారు. లీజు ప్రీమియంలో పది శాతం ముందు కడితే చాలు, భూమి చేతికొస్తుంది. మిగతాది వాయిదాల్లో కట్టాలి. ఆమ్రపాలి గ్రూపు ఇలాగే చాలా ప్లాట్లు తీసుకుని, సుమారు 42,000 ఫ్లాట్లు కడతామని, 36 నెలల్లో అప్పగిస్తామని చెప్పి జనం దగ్గర డబ్బు కట్టించుకుంది. అదే భూమి చూపించి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చింది.

అంటే ఒకే నేల మీద ముగ్గురి డబ్బు ఉంది. భూమి ఇచ్చి బకాయి కోసం చూస్తున్న అథారిటీ, తనఖా పెట్టించుకున్న బ్యాంకు, ఫ్లాటు కోసం కట్టిన కుటుంబం. మొదటి ఇద్దరికీ లాయర్లు, కాగితాలు, షరతులు ఉన్నాయి. మూడోవాళ్ల దగ్గర ఉన్నది బుకింగ్ రసీదు, అలాట్‌మెంట్ లెటర్. ఏళ్లు గడిచినా టవర్లు లేవలేదు. ఒక పక్క అద్దె, ఇంకో పక్క హోమ్ లోన్ ఈఎంఐ కడుతూ వేలాది కుటుంబాలు నలిగిపోయాయి.

2017లో గ్రూపులోని ఆమ్రపాలి సిలికాన్ సిటీ కంపెనీ మీద బ్యాంక్ ఆఫ్ బరోడా దివాలా పిటిషన్ వేసింది. అప్పటి దివాలా చట్టంలో ఫ్లాటు కొన్నవాళ్లు ఆర్థిక రుణదాతలు కారు. కంపెనీ భవిష్యత్తు తేల్చే కమిటీలో వాళ్లకు ఓటు లేదు. 2018 జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి వాళ్లను ఆ వర్గంలో చేర్చారు. ఆ సవరణ చెల్లుతుందని పయనీర్ అర్బన్ కేసులో సుప్రీంకోర్టు 2019 ఆగస్టు 9న తేల్చింది. అంతదాకా ఆగే ఓపిక లేని కొనుగోలుదారులు రాజ్యాంగం 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

డబ్బు ఎటు పోయిందో లెక్కలు తవ్వి చూసే ఫోరెన్సిక్ ఆడిటర్లను కోర్టు వేసింది. వాళ్లు తవ్వి తీసినవి చదువుతుంటే బాధ కలుగుతుంది. ఆఫీసులో చిన్న ఉద్యోగాలు చేసేవాళ్ల పేర్ల మీద కంపెనీలు. సామాను రాకుండానే సామానుకు బిల్లులు. చదరపు అడుగు ఒక్క రూపాయి లెక్కన బుక్ చేసిన ఫ్లాట్లు. ఒక ప్రాజెక్టు కోసం కట్టిన డబ్బు గ్రూపు కంపెనీల మధ్య చేతులు మారి, ఎక్కడో ఇంకో ఆస్తిగా తేలేది. బ్యాంకు ఇచ్చిన అప్పుదీ అదే దారి.

బ్యాంకుల వాదన

వాళ్ల వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ ఇంచుమించు అదే వాదించేవాణ్ణి. తనఖా పెట్టుకోవచ్చని అథారిటీ స్వయంగా నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఇచ్చింది. ఆ ఎన్‌ఓసీని నమ్మి అప్పు ఇచ్చాం. హామీ ఉన్న రుణదాతకు చట్టం ప్రాధాన్యం ఇస్తుంది. కొనుగోలుదారులతో మాకు ఒప్పందం లేదు. వాళ్లు డబ్బు ఇచ్చింది బిల్డరుకు, నమ్మింది బిల్డరును. డబ్బును సరిగ్గా వాడే బాధ్యత అప్పు తీసుకున్నవాడిది. ప్రతి బస్తా సిమెంటుకూ మేం కాపలా కాయలేం.

కాగితం మీద ఇది బలమైన కేసే. అయినా రెండు చోట్ల కూలిపోయింది.

మొదటిది ఆ ఎన్‌ఓసీయే. అది షరతులతో కూడిన ఎన్‌ఓసీ. అథారిటీకి రావాల్సిన బకాయిలు కట్టాకే తనఖా అని అందులోనే ఉంది. బకాయిలు కట్టలేదు. షరతు తీరనప్పుడు అనుమతి లేనట్టే, అనుమతి లేని తనఖా చెల్లదని కోర్టు అంది. బకాయి ఉందో లేదో తెలుసుకోవాలంటే బ్యాంకు అథారిటీకి ఒక్క ఉత్తరం రాస్తే సరిపోయేది. ఈ భాగం చదివిన రోజు నేను నా పాత ఒపీనియన్లు కొన్ని బయటకు తీసి చూసుకున్నాను. "ఎన్‌ఓసీ జతపరచబడినది" అని రాసి వదిలేసినవి ఉన్నాయి. షరతు తీరిందా అన్న వాక్యం వాటిలో లేదు. అది నా తప్పే. అప్పటి నుంచి బకాయిల్లేవన్న ధ్రువపత్రం తేదీతో సహా చూడకుండా సంతకం పెట్టడం లేదు.

రెండోది పర్యవేక్షణ. అప్పు ఇచ్చి ఊరుకుంటే సరిపోదు, ప్రాజెక్టు కోసమని ఇచ్చిన డబ్బు ప్రాజెక్టుకే వెళ్తోందో లేదో చూడాల్సిన బాధ్యత బ్యాంకుది, ఆ పని బ్యాంకులు చేయలేదని కోర్టు గట్టిగా తప్పుపట్టింది. అథారిటీలను కూడా అదే గాటన కట్టింది. ప్రజల ఆస్తిని, ప్రజల డబ్బును చూసుకోవాల్సినవాళ్లు ఆ నమ్మకాన్ని కాపాడలేదంటూ ప్రజా విశ్వాస సిద్ధాంతాన్ని ఇక్కడికి తెచ్చింది.

ఆదేశాలు అక్కడి నుంచే వచ్చాయి. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) కింద గ్రూపుకున్న రిజిస్ట్రేషన్లు రద్దు. లీజులు రద్దయి హక్కులన్నీ కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వెళ్లాయి. కట్టి పూర్తిచేసే పని ఎనిమిది శాతం కమిషన్ మీద ప్రభుత్వ నిర్మాణ సంస్థ ఎన్‌బీసీసీకి. కొనుగోలుదారులు మిగిలిన సొమ్మును యూకో బ్యాంకులో తెరిచిన ఖాతాలో జమ చేయాలి. మనకు అసలైన ఆదేశం ఇది: అథారిటీలు తమ బకాయిల కోసం కొనుగోలుదారుల ఫ్లాట్లను గానీ, ఆ భూమిని గానీ అమ్మడానికి వీల్లేదు. జప్తు చేసిన ఇతర ఆస్తుల నుంచే రాబట్టుకోవాలి. బ్యాంకుల బాకీలకూ ఇదే వర్తిస్తుంది.

తీర్పు చెప్పనిది

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొనుగోలుదారులకు పరిహారం కట్టమని ఈ తీర్పు బ్యాంకులకు చెప్పలేదు. బ్యాంకులు పోగొట్టుకున్నది ఆ ఫ్లాట్లను, ఆ భూమిని అమ్ముకునే దారి. బాకీ అలాగే ఉంది. అప్పిచ్చినవాడి బాధ్యత అన్న ఒక్క మాటలో నిజానికి మూడు వేర్వేరు ప్రమాదాలు దాగి ఉన్నాయి. హామీ మీద పట్టు పోవడం మొదటిది. తన చేతికి వచ్చిన సొమ్మును వెనక్కి ఇవ్వాల్సి రావడం రెండోది. నమ్మకద్రోహానికి తోడ్పడ్డారన్న నింద మూడోది. ఆమ్రపాలి ప్రధానంగా మొదటిదాని కథ. కొనుగోలుదారుల తరఫు నోటీసు వచ్చినప్పుడు, ఈ మూడింట్లో ఏది అడుగుతున్నారో ముందు విడదీసుకోకుండా జవాబు రాయడం మొదలుపెడితే ఆ జవాబు తర్వాత మన మెడకే చుట్టుకుంటుంది.

రెండో ప్రమాదం గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు. నాకు ఎక్కువ భయం దాని గురించే.

ఒకరి మేలు కోసం ఇంకొకరి చేతిలో నమ్మి పెట్టిన ఆస్తి ట్రస్టు ఆస్తి. ఆ మేలు పొందాల్సినవాడు లబ్ధిదారు. ప్రాజెక్టు కోసమని కొనుగోలుదారులు కట్టిన సొమ్మును అలా చూస్తే ఏమవుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. భారతీయ ట్రస్టుల చట్టం 1882 నాటిది. ట్రస్టు ఆస్తి మూడో వ్యక్తి చేతికి వెళ్తే లబ్ధిదారు దాని వెంట వెళ్లవచ్చని 63వ సెక్షన్ అంటుంది. 64వ సెక్షన్ దానికి హద్దు గీస్తుంది. ప్రతిఫలం ఇచ్చి, మంచి ఉద్దేశంతో, ట్రస్టు సంగతి తెలియకుండా తీసుకున్నవాడి జోలికి పోకూడదు. ఆస్తి బదిలీ చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది. ఆస్తి చేతికి రాకముందే కొనుగోలుదారు సవ్యంగా కట్టిన ధరకు, అమ్మేవాడికి ఆ ఆస్తిలో ఉన్న హక్కు మేరకు దాని మీద చార్జి, అంటే ఆ ఆస్తి నుంచి సొమ్ము రాబట్టుకునే హక్కు, ఉంటుందని 55వ సెక్షన్ చెబుతుంది. ఆ చార్జి సంగతి తెలియకుండా ప్రతిఫలం ఇచ్చి తీసుకున్నవాడి మీద అది నడవదని 100వ సెక్షన్ అంటుంది.

కాబట్టి ఎటు తిరిగినా ప్రశ్న ఒక్కచోటికే వస్తుంది. బ్యాంకుకు తెలుసా?

తెలియడం అంటే ఏమిటో ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్ చెప్పింది. నిజంగా తెలిసి ఉండటం ఒకటి. చేయాల్సిన విచారణ కావాలని చేయకపోవడం వల్లో, ఘోరమైన నిర్లక్ష్యం వల్లో తెలియకపోతే, అదీ తెలిసినట్టే లెక్క. "మాకు తెలియదు" అని బ్యాంకు చెప్పే ముందు "అడిగారా?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి.

ట్రస్టు సొమ్ము చేతికి తీసుకున్న బయటివాడు, ట్రస్టీ మోసానికి తెలిసి తోడ్పడినవాడు ఇద్దరూ బాధ్యులేనన్న సూత్రాన్ని ఇంగ్లండులో 1874లోనే బార్న్స్ వర్సెస్ ఆడీ కేసులో స్థిరపరిచారు. బ్యాంకుల విషయంలో దాన్ని బాగా అర్థం చేసుకోవాలంటే కెనడా సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సిటాడెల్ తీర్పు చదవాలి. ఒక ఏజెన్సీ బీమా ప్రీమియంలు వసూలు చేసి సిటాడెల్ అనే బీమా కంపెనీకి పంపాలి. ఏజెన్సీ ఖాతా లాయిడ్స్ బ్యాంక్ కెనడాలో ఉంది. ఏజెన్సీ మాతృసంస్థ ఖాతా కూడా అక్కడే, అది ఓవర్‌డ్రాఫ్టులో ఉంది, అంటే బ్యాంకుకే బాకీ. రోజు ముగిసేసరికి ఏజెన్సీ ఖాతాలోని డబ్బంతా మాతృసంస్థ ఖాతాలోకి వెళ్లేది. ఓవర్‌డ్రాఫ్టు తగ్గేది. బ్యాంకు రూపాయి దొంగిలించలేదు, ఖాతాదారు చెప్పినట్టే చేసింది. అయినా ఓడిపోయింది. ఖాతాలోకి వస్తున్నవి బీమా ప్రీమియంలని బ్యాంకుకు తెలుసు. ఆ సొమ్ముతో తన బాకీయే తగ్గుతోంది. ఎవరైనా ఒక్క ప్రశ్న అడగాల్సిన పరిస్థితిలో అడగకుండా లాభం తీసుకున్నందుకు సొమ్ము తిరిగి ఇమ్మంది కోర్టు.

విదేశీ తీర్పులకు మన కోర్టులు కట్టుబడి ఉండవు. కానీ ఇదే నమూనా మన బ్యాంకుల్లోనూ కనిపిస్తుంది. నేను చూసిన ఒక ఫైలు చెబుతాను.

నా టేబుల్ మీదకు వచ్చిన ఒక ఫైలు

ఒక నివాస ప్రాజెక్టుకు ఇచ్చిన అప్పు అది. అప్పు మునిగింది, కొనుగోలుదారుల సంఘం కోర్టుకెక్కింది. తనఖా పత్రాల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. నేను ధైర్యంగానే ఉన్నాను. తర్వాత ఖాతా స్టేట్‌మెంట్ ఒక్కో లైను చదవడం మొదలుపెట్టాను.

మార్చి చివరి వారంలో ఒక విడత అప్పు విడుదలైంది. అదే రోజు మధ్యాహ్నానికి అందులో పెద్ద భాగం "మెటీరియల్ అడ్వాన్స్" పేరుతో గ్రూపులోని ఇంకో కంపెనీకి వెళ్లింది. ఆ కంపెనీ ఖాతా కూడా అదే బ్రాంచిలో ఉంది. మర్నాడు ఆ ఖాతా నుంచి, మొండిబకాయి (ఎన్‌పీఏ) కావడానికి రోజుల దూరంలో ఉన్న వేరే అప్పుకు వడ్డీ పడింది. ఆ రెండో అప్పూ అదే బ్యాంకుది. తర్వాతి సంవత్సరం మార్చిలో ఇదే మళ్లీ జరిగింది. ఈసారి అప్పు విడతతో పాటు కొనుగోలుదారుల వాయిదాల సొమ్ము కూడా ఆ దారిలోనే వెళ్లింది.

బ్రాంచి మేనేజరును అడిగాను. ఇయర్ ఎండింగ్ టెన్షన్‌లో ఎవరూ అంత లోతుగా చూడరన్నారు. ఆయన అబద్ధం చెప్పారని నేను అనుకోను. కానీ కోర్టులో ఆ మాట చెప్పలేం. ఆ వడ్డీ ఎవరి డబ్బుతో వచ్చిందన్నది బ్యాంకు సొంత స్టేట్‌మెంట్లోనే ఉంది. అప్పు తీసుకున్నవాడి నమ్మకద్రోహంతో మనకు సంబంధం లేదని వాదిద్దామనుకున్న చోట, ఆ ద్రోహం వల్ల మన బాకీయే తీరింది.

సమావేశంలో ఇదంతా చెబితే మొదట కోపగించుకున్నారు. లాయరు మన పక్షాన ఉన్నాడా, వాళ్ల పక్షానా అన్నారు ఒకరు. ఎదుటి లాయరు ఈ స్టేట్‌మెంట్ తెప్పించుకోవడానికి ఒక్క దరఖాస్తు చాలని, అప్పుడు తనఖాతో పాటు ఆ వడ్డీ సొమ్ము కూడా లెక్కలోకి వస్తుందని చెప్పాను. చివరికి రాజీ కుదిరింది. డబ్బు కట్టిన, ఒప్పందం ఉన్న కొనుగోలుదారుల ఫ్లాట్ల మీద బ్యాంకు హక్కు వదులుకుంది. అమ్ముడుపోని ఫ్లాట్లకు పరిమితమైంది. సంఘం బ్యాంకు మీద వేరే క్లెయిమ్ పెట్టబోమని రాసిచ్చింది. బ్యాంకుకు నష్టమే. కేసు తుదిదాకా నడిచి ఉంటే ఇంకా పెద్ద నష్టం జరిగేదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

రెరా తర్వాత

ఆమ్రపాలి అప్పులు ఎక్కువగా రెరాకు ముందువి. 2016 నాటి రెరా చట్టం ఈ లెక్కను ఇంకా బిగించింది. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. అది నిర్మాణానికి, భూమి ధరకే వాడాలి. పని ఎంత జరిగితే అంత మేరకే తీయాలి. ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించాలి. ఆ ఖాతా షెడ్యూల్డ్ బ్యాంకులోనే ఉండాలి. చాలాసార్లు అది అప్పిచ్చిన బ్యాంకే. ఆ సొమ్ము ఎందుకోసమో చట్టమే చెప్పాక, సంగతి తెలియదనే మాటకు చోటెక్కడిది?

అమ్మకం ఒప్పందం రాసుకున్నాక బిల్డరు ఆ ఫ్లాటును తనఖా పెట్టకూడదని, పెట్టినా కొన్నవాడి హక్కుకు భంగం రాదని 11వ సెక్షన్‌లో ఉంది. కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని తీసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు స్వాధీనానికి దిగితే, కొనుగోలుదారు బ్యాంకు మీద కూడా రెరా ముందుకు వెళ్లవచ్చని రాజస్థాన్ హైకోర్టు 2021 డిసెంబరులో యూనియన్ బ్యాంకు కేసులో చెప్పింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. రెరా రాకముందు పెట్టిన తనఖాలకు మోసమో, కుమ్మక్కో ఉంటే తప్ప ఇది వర్తించదన్న మినహాయింపు కూడా ఆ హైకోర్టు తీర్పులోనే ఉంది. బ్యాంకు తరఫున వాదించేవాళ్లు తనఖా తేదీని మొదటి పేజీలోనే పెట్టాలి.

ఇంకో బిల్డరు జేపీ ఇన్‌ఫ్రాటెక్ కేసు దారి వేరు. అక్కడ అనుబంధ కంపెనీ భూమిని మాతృసంస్థ అప్పులకు తనఖా పెట్టారు. 2020 ఫిబ్రవరి 26న అనుజ్ జైన్ తీర్పులో ఆ తనఖాలను సుప్రీంకోర్టు ప్రాధాన్య లావాదేవీలుగా, అంటే దివాలాకు ముందు కొందరు రుణదాతలకు మిగతావాళ్ల కంటే మేలు చేసినవిగా చూసి పక్కన పెట్టింది. 758 ఎకరాల మీద రుణదాతల పట్టు జారిపోయింది. ఒక కంపెనీ అప్పుకు ఇంకో కంపెనీ భూమి హామీగా వస్తుంటే, ఆ రెండో కంపెనీకి డబ్బు కట్టినవాళ్లు ఎవరో చూసుకోవాలి.

మూడో ప్రమాదం, అంటే క్రిమినల్ వైపు, చాలాకాలం బ్యాంకులకు దూరంగానే ఉంది. బిల్డరు మీద నమ్మకద్రోహం కింద పాత ఐపీసీ 406, 409 సెక్షన్లు, ఇప్పుడైతే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ పెట్టేవారు. బ్యాంకు సాక్షిగా ఉండేది. ఫ్లాటు అప్పగించేదాకా ఈఎంఐ తానే కడతానని బిల్డరు చెప్పే సబ్‌వెన్షన్ పథకాల్లో బ్యాంకులు, బిల్డర్లు కుమ్మక్కయ్యారన్న ఆరోపణల మీద 22 కేసులు నమోదు చేయడానికి 2025 జులైలో సుప్రీంకోర్టు సీబీఐకి అనుమతి ఇచ్చింది. ఆరోపణ నేరం కాదు. కానీ పని ఎంత జరిగిందో చూడకుండా, కొనుగోలుదారు పేరిట తీసుకున్న లోను మొత్తాన్ని నేరుగా బిల్డరు ఖాతాలో వేసిన ప్రతి ఫైలును ఇప్పుడు కొత్త కళ్లతో చదవాల్సి వస్తోంది.

నేను ఇప్పుడు అడిగేవి

విడుదల షరతుల్లో ఇప్పుడు నేను ఒకటి తప్పకుండా రాయిస్తున్నాను. విడత సొమ్ము వెళ్లిన ప్రతి ఖాతా పేరు, ఆ ఖాతాదారుకు బిల్డరుతో ఉన్న సంబంధం, దానికి ఎదురుగా వచ్చిన బిల్లు ముప్పై రోజుల్లో ఫైలులో చేరాలి. చేరకపోతే తర్వాతి విడత ఆగిపోవాలి. గ్రూపు కంపెనీకి వెళ్లిన సొమ్ము మన బ్యాంకులోని ఇంకో అప్పుకు చేరిందేమో బ్రాంచియే చూసి సంతకం పెట్టాలి. బిజినెస్ పోతుందని కొందరు అధికారులు విసుక్కుంటారు. వాళ్ల ఒత్తిడి నాకు తెలుసు. అయినా ఈ షరతు తీసేసి ఒపీనియన్ ఇవ్వమంటే ఇవ్వడం లేదు.

ఆమ్రపాలి అక్కడితో ముగియలేదు. 2020 జూన్ 10న, ఖాతాలు ఎన్‌పీఏ అయినా సరే మంజూరైన హోమ్ లోన్లలో మిగిలిన సొమ్ము విడుదల చేయమని సుప్రీంకోర్టు బ్యాంకులను ఆదేశించింది. ఆగిపోయిన టవర్లు పూర్తి చేయడానికి తర్వాత బ్యాంకులే కూటమి కట్టి కొత్త అప్పు ఇచ్చాయి. ఈసారి డబ్బు కోర్టు రిసీవర్ కళ్లముందే ఖర్చయింది.